రంగూన్లో ఉత్తరాంధ్ర కాపురాలు

చీపురుపల్లి, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి పొట్టకూటి కోసం బర్మా వెళ్ళడం పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఊపందుకుంది. 1852లో దిగువ బర్మా ఆంగ్లేయుల చేతికి వచ్చింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక ఐరావతి డెల్టా బియ్యానికి యూరప్‌లో గిరాకీ పెరిగింది. మిల్లులకూ రేవులకూ మనుషులు కావలసి వచ్చారు. ఇక్కడ చూస్తే వానను నమ్ముకున్న మెట్ట పొలాలు, జమీందారీ శిస్తులు, 1889లో ఒకసారి, 1897లో మరోసారి కరువు. 1890లలో కోడూరు, గర్భాం వైపు మాంగనీసు తవ్వకాలు మొదలయ్యాయి గానీ ఆ కూలి ఊళ్ళన్నిటికీ సరిపోయేది కాదు. అదే దశాబ్దంలో పడిన రైలు మార్గంతో చీపురుపల్లి స్టేషన్లో బండెక్కి రేవు చేరడం తేలికైంది.

మొదట వెళ్ళింది మగవాళ్ళే. మేస్త్రీ బయానా ఇచ్చి తీసుకువెళ్ళేవాడు. ఆ బాకీ కూలిలో విరగ్గోసుకునేవాడు. కోతల కాలానికి దిగి, రెండు మూడేళ్ళు మిల్లులోనో ఓడల మీదో పనిచేసి, నాలుగు డబ్బులు వెనకేసుకుని తిరిగిరావడం మామూలు. అందుకే బర్మా సంపాదన కథలన్నీ కళాసీ కథలుగానే మిగిలాయి. ఊళ్ళో బిడ్డను ఎత్తుకుని మనియార్డరు కోసం ఎదురుచూసిన ఇల్లాలికీ, తండ్రి ముఖం గుర్తుపట్టలేని గుంటలకూ వాటిలో చోటు తక్కువ.

పెళ్ళాం బిడ్డలను తీసుకువెళ్ళినవాళ్ళు కొద్దిమందే; ప్రయాణమే అంత కష్టం. విశాఖపట్నం రేవులోకి మొదటి ఓడ ‘జలదుర్గ’ వచ్చింది 1933 అక్టోబరు 7న. అంతకు ముందు అక్కడైనా, భీమునిపట్నంలోనైనా, కళింగపట్నంలోనైనా స్టీమరు సముద్రంలో దూరంగానే ఆగేది. పలకలను కొబ్బరి తాళ్ళతో కుట్టిన మసులా పడవలో కెరటాలు దాటుకుని దాన్ని చేరాలి. చంకలో పసిబిడ్డతో, నెత్తిన మూటతో ఆ పడవ ఎక్కడం ఆషామాషీ కాదు. ఆపైన రోజుల తరబడి డెక్కు మీద, ఆకాశం కిందే ప్రయాణం. మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్ళే ఆనవాయితీకి ఇంతకన్నా పెద్ద అడ్డు లేదు.

రంగూన్ చేరాక అసలు కష్టం ఇల్లు. 1931 జనాభా లెక్కల్లో నగరంలో నాలుగు లక్షల మంది ఉంటే సగానికి పైగా భారతీయులే. బర్మా మొత్తం మీద తెలుగువాళ్ళు లక్షన్నర పైచిలుకు. కూలీలు మేడల్లోని గదులు అద్దెకు తీసుకుని గుంపులుగా ఉండేవారు. పరిమితికి మించి జనాన్ని కుక్కిన ఆ గదుల గురించి విట్లీ నాయకత్వంలోని రాయల్ లేబర్ కమిషన్ 1931 నివేదికలో గట్టిగానే రాసింది. గాలీ వెలుతురూ లేని అలాంటి చోట పిల్లలను పెంచడం అంటే రోజూ ఒక యుద్ధమే. రంగూన్ పసిపిల్లల మరణాలకు పేరుపడిన నగరం కూడా. సంసారాలు ఎందుకు ఊళ్ళోనే ఉండిపోయాయో కూలి లెక్కల కన్నా ఈ గదులే బాగా చెబుతాయి.

ఉన్నంతలో అక్కడ పుట్టిన పిల్లలు తల్లిదండ్రుల కన్నా తొందరగా ఆ దేశానికి అలవాటుపడ్డారు. ఇంట్లో తెలుగు, వీధిలో బర్మీ. ఇంట్లో ఒక పేరు, బడిలో మరొకటి. చెంపలకు థనాఖా చెట్టు చెక్క అరగదీసిన గంధం, తినడానికి చేపల పులుసులో నూడుల్స్ వేసిన మొహింగా. తల్లులు మాత్రం పులియబెట్టిన చేపల ముద్ద ఙపి వాసనకు అంత తేలిగ్గా లొంగి ఉండరు.

ఈ కాపురాలు మూడుసార్లు చెదిరాయి. 1930 మేలో రేవులో తెలుగు కూలీలు సమ్మె కడితే వాళ్ళ స్థానంలో బర్మీయులను పెట్టారు. రాజీ కుదిరి పాతవాళ్ళు పనికి రాగానే, 26న, కొట్లాట మొదలై వంద మందికి పైగా చనిపోయారు. వేలాది తెలుగువాళ్ళు తలదాచుకోవలసి వచ్చింది, చాలామంది ఓడెక్కి వచ్చేశారు. 1941 డిసెంబరు 23న జపాను బాంబులు పడ్డాక నాలుగైదు లక్షల మంది భారతీయులు దేశం విడిచారు. డబ్బున్నవాళ్ళకు ఓడ దొరికింది. మిగిలినవాళ్ళు పిల్లలను భుజాన వేసుకుని ప్రోమ్ నుంచి టౌంగప్ కనుమ మీదుగా అరకాన్ తీరానికీ, మణిపూర్ అడవుల్లోకీ నడిచారు. దారిలో కలరా తగిలింది.

మూడోది నెమ్మదిగా జరిగింది. 1962లో సైన్యాధిపతి నె విన్ అధికారంలోకి వచ్చాక దుకాణాలు, వ్యాపారాలు జాతీయమయ్యాయి. 1964 మేలో యాభై, వంద చాట్ల నోట్లు రద్దయ్యాయి. అంతకుముందు వెళ్ళింది కూలీలైతే ఇప్పుడు తిరిగొచ్చి ఓడ దిగినవి కుటుంబాలు. ఆ పిల్లల్లో చాలామందికి బర్మా పుట్టిన ఊరు; తాతల ఊరే పరదేశం. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా ఏర్పడింది. బర్మాలో ఆగిపోయినవాళ్ళ సంతతి ఈనాటికీ మౌల్‌మీన్ వైపు, మోన్ రాష్ట్రంలో ఉంది.