గుర్రపు మాలీసు

గుర్రం కండరాలను చేత్తో నొక్కి, రుద్ది సడలించే పరిచర్య. రౌతు దిగాక, గుర్రాన్ని చూసుకునే సాయీసు చేసే నిత్యవిధిలో ఇది భాగం. మన నేలపై గుర్రపు దళాలకూ చరిత్ర ఉంది: వనపర్తి సంస్థానానికి ఆఫ్రికా సంతతి సిద్దీల ఆశ్వికదళం ఉండేది. తర్వాత అది నిజాం సేనలో కలిసింది. హైదరాబాదులోని ఏసీ గార్డ్స్ పేటకు ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచే వచ్చింది. ఆ రౌతులను తలచుకునే మనం వారి గుర్రాల ఒళ్లు పట్టిన చేతులనూ తలచుకోవాలి. గుర్రాల గురించి తెలుగులో అశ్వశాస్త్ర గ్రంథం కూడా ఉంది: మనుమంచి భట్టు రాసిన ‘హయలక్షణ విలాసము’.

గుర్రానికి కంటె ఎముక లేదు. ముంగాళ్లు మొండేనికి కండరాలతో, స్నాయువులతోనే అతుక్కుని ఉంటాయి. అందుకే భుజాలు, మెడ త్వరగా బిగుస్తాయి; జీను కింది వీపు కూడా బిగుస్తుంది. అరచేతితో తేలికగా మొదలుపెట్టి, కండ మెత్తబడేకొద్దీ ఒత్తిడి పెంచాలి, వెన్నెముకపై నొక్కరాదు. తల వాల్చడం, కింది పెదవి వేలాడటం హాయికి గుర్తులు. చెవులు వెనక్కి వాలిస్తే ఆపేయాలి. గుర్రాలు పరస్పరం గోక్కునే మెడ మొదట్లో గోకితే గుండె వేగం తగ్గుతుందని 1993లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. జ్వరం, వాపు, గాయం, కుంటు ఉంటే ముందు పశువైద్యుడికి చూపాలి.