పొగ మా వీధి వైపు వంగితే

బట్టలు ఆరేసే ముందు మా అమ్మ నన్ను డాబా ఎక్కించేది. "పొగ ఎటు పోతోందో చూసి చెప్పు నాయనా" అనేది. థర్మల్ స్టేషన్ గొట్టం పొగ మా వీధి వైపు వంగిందంటే ఆ పూట తెల్లబట్టలు వసారాలో ఆరాల్సిందే. దండెం తీగను వేళ్లతో రాస్తే బూడిద అంటుకునేది. అది మురికి అనుకున్నామే గానీ, అందులో యురేనియం ఉంటుందని మాకెవరికీ తెలియదు.

డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే రోజుల్లో ఒక పాత వ్యాసం నా చేతికొచ్చింది. 1978 డిసెంబరు 8 నాటి 'సైన్స్' పత్రికలోది. రాసినవాళ్లు అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలకు చెందిన మెక్‌బ్రైడ్, ఆయన సహచరులు ముగ్గురు. రెండో ప్రపంచయుద్ధంలో అణుబాంబుకు యురేనియం సిద్ధం చేయడానికి టెనెస్సీలో కట్టిన ఊరు ఓక్ రిడ్జ్. అలాంటి చోట కూర్చుని వాళ్లు బొగ్గు పొగను లెక్కగట్టారు. 1000 మెగావాట్ల బొగ్గు కేంద్రాన్ని, అంతే సామర్థ్యమున్న అణు కేంద్రాలను పోల్చారు. బొగ్గులో పదిలక్షల పాళ్లకు ఒక పాలు యురేనియం, రెండు పాళ్లు థోరియం ఉంటాయని, బూడిదలో నూటికి ఒక వంతు గాలిలో కలుస్తుందని అనుకున్నారు. చుట్టుపక్కల జనానికి చేరే మొత్తం రేడియేషన్ చాలావరకు బొగ్గు కేంద్రం నుంచే ఎక్కువని తేలింది.

బొగ్గులో కార్బన్ కాలి పోతుంది, యురేనియం పోదు. బూడిదలో మిగిలి చిక్కబడుతుంది. అణు ఇంధనమేమో లోహపు గొట్టాల్లో, ఉక్కు పాత్రలో, కాంక్రీటు గోడల మధ్య బందీగా ఉంటుంది. మన బొగ్గులో నూటికి 30, 40 పాళ్లు బూడిదే కాబట్టి బూడిద గుట్టలు మరీ పెద్దవి.

ఈ వ్యాసాన్ని చూపించి, అణు వ్యర్థం కన్నా బూడిదే ప్రమాదకరం అనేవాళ్లున్నారు. అది అబద్ధం. రియాక్టర్ నుంచి అప్పుడే తీసిన ఇంధనం పక్కన అడ్డేమీ లేకుండా నిలబడితే మనిషి బతకడు. థర్మల్ స్టేషన్ బూడిద నింపే చెరువు గట్టు మీద నేను ఎన్ని సాయంత్రాలు నడిచానో! మెక్‌బ్రైడ్ బృందం లెక్క మామూలు రోజుల్లో గాలిలోకి పోయేదాని గురించే. ప్రమాదాలు అందులో లేవు. ఆ వ్యాసం వచ్చి నాలుగు నెలలు తిరగకముందే, 1979 మార్చి 28న, త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో ప్రమాదం జరిగింది. 1986లో చెర్నోబిల్ రియాక్టర్ పేలింది. సన్న దుమ్ము ఊపిరితిత్తులకు చేసే చెరుపు కూడా ఆ లెక్కలో లేదు. నా దృష్టిలో బొగ్గు వల్ల పెద్ద కీడు అదే.

2010 నాటి ప్రపంచ విద్యుదుత్పత్తి మీద ఐక్యరాజ్యసమితి రేడియేషన్ శాస్త్రసంఘం మళ్లీ లెక్క వేసింది. జనానికి చేరిన రేడియేషన్‌లో సగానికి పైగా బొగ్గుది, అయిదో వంతు లోపు అణు విద్యుత్తుది. ఆ ఏడు బొగ్గు కరెంటు అణు కరెంటుకు మూడింతలు కావడమూ ఇందుకొక కారణం.

మన దేశంలో అణు కేంద్రం నడవకముందే అక్కడ పర్యావరణ పరీక్షశాల పెడతారు. చుట్టుపక్కల పాలు, చేపలు, నీళ్లు పరీక్షిస్తారు. బూడిద చెరువుల పక్కన బతికే ఊళ్లకూ ఆ శ్రద్ధ దక్కాలి. బోరునీళ్లలో, పొలం మట్టిలో, బూడిదతో పోసే ఇటుకల్లో రేడియేషన్ ఎంతుందో కొలవండి. ఆ అంకెలు పంచాయతీ గోడ మీద తెలుగులో రాయించండి.