గంధపు మోపు – పిండశాస్త్రం చదివిన ముచ్చట

సీతాఫల్‌మండి అన్న పేరు వినగానే, ఇక్కడ వీధివీధినా సీతాఫలాలు రాశులు పోసి అమ్ముతారని పొరుగూరి బంధువులు అనుకుంటూ ఉంటారు. ఆ వైభవం నేడు చాలావరకు పేరులోనే మిగిలింది. అయినా ఆశ్వయుజ కార్తికాలు వచ్చేసరికి స్టేషను దారిలో రెండు మూడు తోపుడుబండ్లయినా కనబడకపోవు. అటువంటి బండి మీది పండొకటి, వైద్యశాస్త్రపు గడప తొక్కని నాబోటి తెలుగు పండితుణ్ణి పిండశాస్త్రం దాకా తీసుకొనిపోయింది. ఆ ముచ్చటే ఈ టపా.

ఇది ఐదేళ్ళ క్రిందటి మాట. మా మేడమీది వాటాలో ఒక రైల్వే ఉద్యోగి కుటుంబం అద్దెకుంటున్నది. వారి అమ్మాయి పదవ తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, స్వయంకృషితో నగరంలోని ఒక వైద్య కళాశాలలో సీటు తెచ్చుకొన్నది. ఒకనాటి సాయంత్రం మెట్లమీద పుస్తకం ఒడిలో పెట్టుకొని కన్నీరు పెట్టుకొంటూ కనిపించింది. ఏమిటమ్మా అంటే, "పరీక్ష పోయింది సారూ! ఎంబ్రియాలజీ ఎంత చదివినా తలకెక్కుతలేదు. పొద్దున చదివింది సాయంత్రానికి ఉంటలేదు. నాకు డాక్టరు చదువు రాసిపెట్టి లేదు కావచ్చు" అన్నది.

ముప్పదియైదేళ్ళు పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి. చివరి మాట నాకు నచ్చలేదు. "ఏదీ, ఆ పుస్తకం ఇటు తే తల్లీ" అన్నాను. ఆమె తెరిచిన పుటలో గుండ్రని కణాలు ఒకదానికొకటి ఒత్తుకొని ఉన్న బొమ్మ ఉన్నది. దాని పేరు మోరులా అట. "అంటే ఏమిటి?" అని అడిగాను. "మూడో రోజు స్టేజి, పదహారు కణాలు" అన్నది. "అది లక్షణం. నేనడిగింది అర్థం." ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. నిఘంటువు తీసి చూస్తే లాటిను భాషలో మల్బరీ పండు పేరు నుండి వచ్చినదని ఉన్నది. జర్మను పండితుడు హెకెల్ పంతొమ్మిదవ శతాబ్దిలో పెట్టిన పేరది. సీతాఫల్‌మండిలో మల్బరీ పండు చూసినవారెందరు? మా ఇంటావిడ ఆనాడే కొన్న సీతాఫలం బల్లమీద ఉన్నది. దాన్ని పుస్తకం ప్రక్కన పెట్టాను. అమ్మాయి కన్నీళ్ళలోనే నవ్వింది. "అచ్చం ఇట్లనే ఉన్నది సారూ!"

అప్పుడు నాకు భాగవతం గుర్తుకు వచ్చింది. తృతీయ స్కంధంలో కపిలుడు తల్లి దేవహూతికి గర్భంలో పిండం పెరిగే క్రమం చెబుతాడు. మొదటి రాత్రికి కలలం, అయిదు రాత్రులకు బుడగ, పది దినాలకు కర్కంధువు. కర్కంధువంటే రేగుపండు! ఆ ఘట్టాన్ని పోతనగారు తెలుగు చేశారు కూడా. కన్ను చూడలేని రూపానికి నోరెరిగిన పండు పేరు పెట్టడం మన ఋషికీ జర్మను శాస్త్రజ్ఞుడికీ ఒకే విధంగా తోచింది. మేము సీతాఫలం అన్నాము, అంతే తేడా.

ఇక్కడొక మనవి. "అన్నీ మన వేదాల్లోనే ఉన్నాయిష" అనే వాదానికి నేను తాళం వేయను. పదవ దినపు పిండం రేగుపండంత ఉండదు, ఆవగింజ కంటె చిన్నది. గర్భోపనిషత్తు మూడవ నెలలో పాదాలు ఏర్పడతాయంటుంది. నిజానికి చేతుల, కాళ్ళ మొగ్గలు నాలుగవ వారం చివరకే కనిపిస్తాయి. కొలతలకు ఆ గ్రంథాలను ఆశ్రయించరాదు. నేర్చుకొనవలసింది వారి బోధనా క్రమం. ఉపనిషత్తుగాని భాగవతంగాని అవయవాల జాబితా ఇవ్వలేదు. రాత్రి, పక్షం, మాసం అని కాలం వెంట కథ నడిపించాయి. కథ గుర్తుంటుంది, జాబితా జారిపోతుంది. మా అమ్మాయి చేస్తున్న పొరపాటు అదే. గుండె ఒక అధ్యాయం, పేగు ఒక అధ్యాయం, ముఖం ఒక అధ్యాయంగా విడివిడిగా బట్టీ పట్టింది. ఒకే దినాన మూడు చోట్లా ఏమి జరుగుతున్నదో ఆమెకు తెలియదు.

ఆనాటి నుండి నేనూ ఆ పుస్తకం చదవడం మొదలుపెట్టాను. దానికి తోడు సుశ్రుత సంహితను మళ్ళీ తిరగవేశాను. సూత్రస్థానంలో ఆయన చదువును గురించి చెప్పిన మాట ప్రతి ఉపాధ్యాయుడూ గోడమీద వ్రాసి పెట్టుకోదగినది. అర్థం తెలియక శాస్త్రాలు వల్లించినవాడు గంధపుచెక్కల మోపు మోసే గాడిద వంటివాడట. దానికి బరువు తెలుసు, పరిమళం తెలియదు. అంత మాత్రాన ఆయన వల్లెవేయడాన్ని త్రోసిపుచ్చలేదు. ముందు పదం, పిమ్మట పాదం, ఆపై శ్లోకం చొప్పున శిష్యునికి చెప్పాలంటాడు. చేతి నైపుణ్యానికి గుమ్మడి, ఆనప, దోస వంటి కాయలమీద కోతలు అభ్యసించమంటాడు. అంటే నోరు, బుద్ధి, చేయి మూడూ కలిసి చదవాలి.

శారీరస్థానంలో ఒక చక్కని వివాదమున్నది. గర్భంలో ముందు ఏ అవయవం పుడుతుంది? శౌనకుడు తల అన్నాడు. కృతవీర్యుడు గుండె అన్నాడు. పారాశర్యుడు నాభి అన్నాడు. మార్కండేయుడు కాలుసేతులన్నాడు. గౌతముడు మొండెం అన్నాడు. ధన్వంతరి వీరందరినీ కాదని, అన్నీ ఒక్కసారే పుడతాయి, సూక్ష్మం కనుక కనబడవు అన్నాడు. దానికి ఇచ్చిన ఉపమానం మామిడిపండు. పండినప్పుడు పీచు, గుజ్జు, టెంక వేరువేరుగా కనిపిస్తాయి, పిందెలో అవే ఉన్నా విడదీసి చూడలేము.

ఐరోపాలోనూ ఈ తగవే శతాబ్దాలు నడిచింది. అరిస్టాటిల్ కోడిగ్రుడ్లను దినానికొకటి చొప్పున పగులగొట్టి చూశాడు. 1651లో హార్వే అవయవాలు ఒకటొకటిగా రూపు కడతాయన్నాడు. అనంతరం సూక్ష్మదర్శిని వచ్చిన కొత్తలో చాలామంది ధన్వంతరి పక్షం వహించారు, బీజంలోనే శిశువు చిన్నరూపంలో సిద్ధంగా ఉంటుందని. 1759లో వోల్ఫ్ దాన్ని ఖండించాడు. కోడిపిల్ల పేగు ముందే ఉండదు, చదునైన పొర ఒకటి ముడుచుకొని గొట్టమవుతుందని తరువాత చూపించాడు. 1817లో పాండర్ ఆ పొరలు మూడని గుర్తించాడు. 1827లో ఫాన్ బేయర్ క్షీరదాల అండాన్ని కనుగొన్నాడు. ఆ మహానుభావుడు ఒకసారి రెండు చిన్న పిండాలను సారాయంలో భద్రపరచి పేర్లు వ్రాయడం మరచాడట. తరువాత చూస్తే అవి బల్లివో, పక్షివో, క్షీరదానివో తానే చెప్పలేకపోయాడు. తొలి దశలో అన్నీ అంతగా పోలి ఉంటాయి. పేర్లు వ్రాయని బొమ్మ ఎందుకూ కొరగాదని అమ్మాయికి ఈ కథే చెప్పాను.

ఇన్ని శతాబ్దాల పండితులు చిక్కుపడిన విషయం పద్దెనిమిదేళ్ళ పిల్లకు నాలుగు రాత్రులలో అర్థం కాలేదంటే తప్పెవరిది? ఈ ప్రశ్న వేయగానే ఆమె ముఖం తేటపడింది. చరిత్ర చదవడంలో ఉన్న మొదటి మేలు అదే. మన అజ్ఞానానికి పెద్దల తోడు దొరుకుతుంది.

రెండవ మేలు, వారు చిక్కు విప్పుకొన్న ఉపాయాలు మనకూ పనికివస్తాయి. జర్మనీలో విల్‌హెల్మ్ హిస్ అనే ఆచార్యుడు పిండాన్ని పలుచని పొరలుగా కోసి, బొమ్మలు గీసుకొని, వాటిని బట్టి మైనంతో పెద్ద నమూనాలు తిరిగి నిర్మించాడు. ఫ్రైబుర్గులో సీగ్లర్ కార్ఖానా అటువంటి మైనపు బొమ్మలను దేశదేశాల విశ్వవిద్యాలయాలకు అమ్మింది. చదునైన పుటలోని బొమ్మ నుండి మూడు దిక్కుల రూపాన్ని ఊహించడం ఆచార్యులకే సాధ్యం కానప్పుడు విద్యార్థికెట్లా సాధ్యం? మా ఇంట మైనం లేదు, గోధుమపిండి ఉన్నది. మూడు ముద్దలు కలిపి, ఒకదానికి నీలిమందు, ఒకదానికి కుంకుమ, ఒకదానికి పసుపు వేశాము. పాఠ్యపుస్తకాల్లో బహిస్త్వచం నీలం, మధ్యస్త్వచం ఎరుపు, అంతస్త్వచం పసుపు కదా. మూడు చపాతీలు ఒత్తి ఒకదానిపై ఒకటి పేర్చి, పసుపు పొర లోపలికి వచ్చేట్లు అంచులు మడిచాము. "అచ్చం కజ్జికాయ!" అన్నది మా ఆవిడ. "మా ఇంట్ల గరిజె అంటం అమ్మమ్మా" అన్నది పిల్ల. వోల్ఫ్ చెప్పిన పేగు గొట్టం లోపల పచ్చగా కనబడింది. ఆ రాత్రి ఆమె చపాతీలు మూడుసార్లు విప్పి, మూడుసార్లు మడిచింది.

అటుపై దినచర్య ఏర్పరచుకొన్నాము. గోడకు పొడుగాటి కాగితం అంటించి ఎనిమిది వారాల గళ్ళు గీశాము. పిండ దశలను 1914లో అమెరికాలోని బాల్టిమోరులో ఫ్రాంక్లిన్ మాల్ స్థాపించిన కార్నెగీ విభాగంవారి సేకరణను బట్టి ఎనిమిది వారాలకు ఇరవైమూడుగా లెక్కిస్తారు. మేమంత లోతుకు పోలేదు. రెండవ వారం రెండ్ల వారం: రెండు పొరలు, రెండు కుహరాలు. మూడవ వారం మూడు పొరలు. ఇరవైరెండవ దినానికి గుండె కొట్టుకొంటుంది. ఇరవైఎనిమిదవ దినానికి నాడీనాళం రెండు కొసలూ మూసుకొంటాయి. ప్రతి గడిలో ఆమె బొమ్మను చూసి కాక, పుస్తకం మూసి జ్ఞాపకం నుండి గీయాలి. తప్పులు ఎర్ర సిరాతో తానే దిద్దుకోవాలి.

ఇక అప్పజెప్పడం. అమరకోశం నేర్చిన మా తరానికి అది కొత్త కాదు. మరునాడు, మూడవనాడు, వారానికి, నెలకు ఆమె నాకు అప్పజెప్పేది. నాకు శాస్త్రం రాదు కనుక ఆమె నాకు అర్థమయ్యేటట్లు చెప్పక తప్పలేదు. అదే అసలు మేలయింది. ఎబింగ్‌హౌస్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు మరపు ఎంత వేగంగా వస్తుందో 1885లోనే కొలిచి చూపాడు. మళ్ళీ మళ్ళీ చదవడం కంటె, చూడకుండా చెప్పుకొన్నది వారం తరువాత ఎక్కువ నిలుస్తుందని 2006లో అమెరికాలో చేసిన ప్రయోగాలు తేల్చాయి. వేదపండితుల జటాపాఠం లాగా వెనుకకూ ముందుకూ అడిగేవాణ్ణి: ఈ పొర ఏమవుతుంది? ఈ అవయవం ఎక్కడిది? ఈ లోపం ఏనాటిది?

పదాల బెదురు కూడా ఒక మాటున పోయింది. ఉల్బం, జరాయువు, మధ్యస్త్వచం అని ఆమె తెలుగు పుస్తకాల్లో చదివినవే ఇంగ్లీషు ముసుగు వేసుకొని వచ్చాయి. ఉల్బం, జరాయువు రెండూ భాగవతంలో ఉన్న మాటలే. 1846లో హైదరాబాదు వైద్యపాఠశాల ఉర్దూలోనే పాఠాలు మొదలుపెట్టింది. తల్లిభాషలో అర్థం చేసుకొని ఇంగ్లీషులో వ్రాయడం చిన్నతనం కాదని ఆమెకు నచ్చజెప్పాను.

అప్పుడే యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ కూడా చెప్పాను. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు తొడిగి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురై, పూర్తి పట్టానికి బదులు తక్కువ పట్టా పొందారు. పిమ్మట ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించారు. 1922లో అమెరికా వెళ్ళారు. అక్కడ 1940ల నడుమ ఆయన నేతృత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. 1948లో ఆయన కన్నుమూశారు. 1991లో వెలువడిన బ్రిటిషు పరిశోధన, గర్భధారణకు ముందు నుండి ఆ ఆమ్లం తీసుకొంటే నాడీనాళ లోపం మళ్ళీ కలగడం దాదాపు మూడు వంతులు తగ్గుతుందని నిరూపించింది. మెట్రిక్యులేషను తప్పిన పిల్లవాని చేతిపని, ఆయన పోయిన నలభైమూడేళ్ళకు పుట్టబోయే పిల్లల వెన్నును కాచింది.

అమ్మాయి సప్లిమెంటరీలో ఉత్తీర్ణురాలయింది. గొప్ప మార్కులేమీ కావు. ఇప్పుడు హౌస్ సర్జను.

మొన్న రాత్రిపాళీ ముగించుకొని వచ్చి మెట్లమీదనే కూర్చున్నది, ఆనాడు కూర్చున్న చోటనే. "సారూ, ఇయ్యాల ఒక బాబు పుట్టిండు. వీపు మీద గడ్డ. వెన్ను మూసుకోలేదు" అన్నది. కొంతసేపు మాటాడలేదు. "ఇరవై ఎనిమిదో రోజు సారూ. అప్పటికి ఆ తల్లికి కడుపుతోనున్న సంగతే తెలిసి ఉండదు. మాత్ర వేసుకొమ్మని ముందే చెప్పేవాళ్ళు లేకపోయిరి. ఇంకోసారి కనేముందు తప్పక వేసుకోమని కూసోబెట్టి చెప్పి వచ్చిన. అర్థమయ్యేటట్లు, తెలుగులనే చెప్పిన" అన్నది.

నేను లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. మాటలు నాకూ దొరకలేదు. ఆ గోడ కాగితం ఇంకా మా ఇంట్లోనే ఉన్నది, నాలుగవ వారపు గడిలో ఆమె ఎర్ర సిరా దిద్దులతో సహా. మోపు మోసిన బిడ్డకు పరిమళం తెలిసిందని మాత్రం అనుకొన్నాను.

నేను వైద్యుణ్ణి కాను. పై వ్రాతలో శాస్త్రపరమైన తప్పులుంటే విజ్ఞులైన మిత్రులు దిద్దగలరు. మీ ఇళ్ళలోని పిల్లలు ఏ మోపు మోస్తున్నారో, ఒక సాయంత్రం మెట్లమీద కూర్చొని అడిగి చూడండి.