అసల్‌కు తిట్లు, నకల్‌కు ఇనామ్

మా బేటా వుల్ఫ్‌మదర్ పాటలు పెడితే, "ఇదంతా పాత నకల్ రా" అన్నాను. "మరి అంత తారీఫ్ ఎందుకొచ్చింది అబ్బా?" అని సవాల్ చేశాడు. జవాబ్ కోసం తారీఖ్ తిరగేశాను.

వుల్ఫ్‌మదర్ సిడ్నీలో ముగ్గురు కుర్రాళ్లు మొదలుపెట్టిన బ్యాండ్. 2005లో వాళ్ల తొలి ఆల్బమ్ వింటే 1970ల నాటి బ్లాక్ సబ్బాత్, లెడ్ జెపెలిన్ యాదికొస్తాయి. అయినా ఆస్ట్రేలియాలో ట్రిపుల్ జె రేడియో తన మొట్టమొదటి జె అవార్డు దానికే ఇచ్చింది. 2007లో అందులోని 'వుమన్' పాటకు గ్రామీ దక్కింది. సొంతంగా ఏముందని తన్కీద్ చేసినవాళ్లూ లేకపోలేదు.

మరి ఉస్తాదుల హాల్ ఏమిటి? బ్లాక్ సబ్బాత్ వాళ్లు బర్మింగ్‌హామ్ మజ్దూర్ బస్తీల పిల్లలు. గిటారిస్టు టోనీ అయోమీ రెండు వేళ్ల కొసలు ఫ్యాక్టరీ మెషీన్‌లో తెగిపోయాయి. ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకుని, సన్నని తీగలు బిగించి మళ్లీ వాయించాడు. 1970 ఫిబ్రవరిలో వాళ్ల తొలి ఆల్బమ్ వస్తే అవామ్ కొన్నారు, బ్రిటన్ చార్టుల్లో 8వ స్థానం దాకా తీసుకెళ్లారు. విమర్శకుల్లో చాలామంది మాత్రం ఈసడించారు. జెపెలిన్ మొదటి ఆల్బమ్‌కూ అంతకుముందు ఏడాది అదే గతి.

ముప్పై అయిదేళ్లకు అదే తర్జ్ షాగిర్దుల చేతిలో ఇనామ్ గెలిచింది. ఉస్తాద్ మెహనత్‌కు దక్కాల్సిన ఖదర్ అలా ఆలస్యంగా వచ్చింది.

అప్పుడు నాకు షరమ్ వేసింది. తొందరపడి ఫైసలా చెప్పడం ఆనాటి విమర్శకుల గల్తీ. మా వాడి దగ్గర నేనూ అదే చేశాను. ఇప్పుడు ఇద్దరం కూర్చుని వింటున్నాం. ముందు ఉస్తాద్, తర్వాత షాగిర్ద్.