పచ్చబొట్టు: ఏ గుర్తు, ఎక్కడ, ఎవరి చేత?



ఏన్కూరు మండలంలోని ఒక తండా నుండి ఇరవై ఏళ్ల యువకుడు ఈ మధ్య నన్ను చూడవచ్చాడు. జ్వరమూ లేదు, నొప్పీ లేదు. సైన్యంలో చేరాలని రోజూ తెల్లవారుజామున పరుగు సాధన చేస్తున్నాడట. ఫోనులో నాలుగు బొమ్మలు చూపించి, "సార్, వీటిల్ల ఏది ఏయించుకుంటే బాగుంటది? మెడ మీదనా, చెయ్యి మీదనా?" అని అడిగాడు. మొదటి మూడూ పులి, త్రిశూలం, ఆంగ్లాక్షరాలలో అమ్మ పేరు. నాలుగవది అతని నాయనమ్మ ఫోటో. ఆమె గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు ఉంది.

బొమ్మ ఎంపికకు వైద్యుని సలహా అడిగినవారు నా ఇన్నేళ్ల వృత్తిలో మరొకరు లేరు. సూది భద్రత గురించి నాలుగు మాటలు చెప్పి పంపవచ్చును. కానీ అతడు అడిగినది చాలా పాత ప్రశ్న. దానికి మన పూర్వులు ఎలా జవాబు చెప్పుకున్నారో తెలిస్తే మన జవాబు తేలిక అవుతుంది. అందుకే ఈ వ్యాసం.

తల్లాడ నుండి కొత్తగూడెం పోయే దారిలో, మైదానం అడవిని తాకే చోట ఏన్కూరు ఉంది. కోయ గూడేలు, లంబాడా తండాలు, రైతుల పల్లెలు ఈ ప్రాంతంలో పక్కపక్కనే ఉంటాయి. నేను ఉద్యోగం చేసిన రోజులలో నాడి చూడటానికి వృద్ధ స్త్రీల మణికట్టు పట్టుకుంటే ముందుగా పచ్చబొట్టే పలకరించేది. ముంజేతి మీద తేలు, తులసికోట, చుక్కల వరుసలు, పెనిమిటి పేరు. నుదుట నిలువు గీత. గడ్డం మీద చుక్క. భర్త పేరు నోట పలకని కాలంలో ఆ పేరును చేతి మీద రాయించుకోవటం ఎంత చక్కని ఉపాయమో చూడండి. ఒక కోయ అవ్వను "ఇదెందుకు అవ్వా?" అని అడిగితే, "సచ్చినంక ఎంట వచ్చేది ఇదొక్కటే బిడ్డా. ఎండి కడియం ఇంట్లనే ఉంటది" అన్నది. ఆస్తి ఏమీ లేని మనిషికి దేహం మీది గుర్తే చివరి ఆస్తి అన్నమాట.

ఈ ఆచారం వయస్సు మనం అనుకొనే దానికన్నా చాలా ఎక్కువ. 1991లో ఆల్ప్స్ పర్వతాల మంచులో దొరికిన 'ఓట్జీ' అనే మానవుని దేహం సుమారు 5,300 ఏళ్ల నాటిది. అతని చర్మంపై 61 పచ్చబొట్లు లెక్కించారు. అన్నీ సాదా గీతలూ అడ్డగీతలే. వాటిలో చాలా భాగం నడుము, మోకాలు, చీలమండల వద్ద ఉన్నాయి. ఆ కీళ్లు అరిగి ఉన్నట్లు ఎక్స్‌రేలలో కనబడింది. అందుకే అవి అలంకారానికి కాక, నొప్పి తగ్గటానికి పొడిపించుకున్నవని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. దాదాపు అదే కాలం నాటి ఈజిప్టు మమ్మీ ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ పురుషుని భుజం మీద ఎద్దు, గొర్రె బొమ్మలు ఉన్నట్లు 2018లో వెల్లడించారు. చోటును నొప్పి నిర్ణయించిన పచ్చబొట్టు ఒకటి, బొమ్మకు ప్రాధాన్యం ఇచ్చిన పచ్చబొట్టు ఒకటి. రెండూ ఐదువేల ఏళ్ల నుండి ఉన్నవే.

నల్లని మసితో పొడిచిన గుర్తును మనవారు 'పచ్చ' బొట్టు అని ఎందుకన్నారు? చర్మం పైపొర కొన్ని వారాలకొకసారి రాలిపోయి కొత్తది వస్తుంది. సూది ఆ పొరను దాటి, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున ఉన్న లోపలి చర్మంలో మసిని వదులుతుంది. మనపై పడిన వెలుతురులో ఎర్రని కాంతి లోతుకు పోయి మసిలో ఇంకిపోతుంది. నీలి కాంతిని పైనున్న చర్మం వెనుకకు చెదరగొడుతుంది. అందువల్ల నలుపు మన కంటికి నీలి పచ్చగా కనిపిస్తుంది.

ఇక గుర్తు చెరిగిపోకపోవటానికి కారణం మన రక్షక కణాలే. పరాయి రేణువులను మింగే కణాలు ఆ రంగును కూడా మింగి అక్కడే ఉండిపోతాయి. ఆ కణం చనిపోతే విడుదలైన రంగును పక్కనే పుట్టిన కొత్త కణం మళ్లీ మింగుతుంది. ఈ సంగతిని ఫ్రాన్సు పరిశోధకులు ఎలుకలలో పరీక్షించి 2018లో ప్రకటించారు. శరీరం పచ్చబొట్టును అంగీకరించలేదు. జీవితాంతం కాపలా కాస్తూ ఉంటుంది.

మన పల్లెలలో ఈ పని ఎక్కువగా ఎరుకల స్త్రీలది. బుట్టలు అల్లటం, సోది చెప్పటంతో పాటు పచ్చబొట్లు పొడవటం వారి జీవనాధారం. దీపపు మసిని ఆకు పసరుతో కలిపి, కట్టగా కట్టిన సూదులతో పొడిచి, పైన పసుపు అద్దేవారు. పిల్ల ఏడవకుండా పాటలు పాడేవారు.

ఒకే గుర్తు ఒకరికి గౌరవం, మరొకరికి శిక్ష అయిన చరిత్ర కూడా మనకు ఉంది. ఈస్టిండియా కంపెనీ పాలనలో బెంగాలు, మద్రాసు రాష్ట్రాలలో యావజ్జీవ శిక్ష పడిన ఖైదీల నుదుటిపై నేరం వివరాలను పచ్చబొట్టుగా పొడిపించేవారు. 1849లో ఆ పద్ధతిని రద్దు చేశారు. మన అవ్వలు ముత్తైదువ గుర్తుగా నుదుట ధరించినదీ, ఖైదీ తలపాగా కింద దాచుకున్నదీ ఒకే మసి. కొంతకాలానికి, 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించిన నేరస్థ జాతుల చట్టం కింద, పచ్చబొట్లు పొడిచే ఎరుకల వారికే పుట్టుకతో నేరస్థులన్న ముద్ర వేశారు. దేశమంతటా ఆ చట్టం పూర్తిగా తొలగినది 1952లో. సూది లేకుండా వేసిన ఆ ముద్ర ఎన్నో కుటుంబాలను బాధించింది.

ఆరోగ్య దృష్ట్యా అసలు మలుపు యంత్రంతో వచ్చింది. 1891లో న్యూయార్కులో శామ్యూల్ ఓరైలీ విద్యుత్ పచ్చబొట్టు యంత్రానికి పేటెంటు పొందాడు. ఎడిసన్ కనిపెట్టిన విద్యుత్ కలమే దానికి మూలం. పని వేగం పెరిగింది. ఒక సూది దాటే మనుషుల సంఖ్యా పెరిగింది. హెపటైటిస్ భయంతో న్యూయార్కు నగరం 1961లో పచ్చబొట్లను నిషేధించి, 1997 వరకు ఆ నిషేధాన్ని కొనసాగించింది. హెపటైటిస్ బి వైరస్ శరీరం వెలుపల ఎండిన రక్తంలో కూడా కనీసం 7 రోజులు జీవించగలదు. జాతరలో బ్యాటరీ యంత్రంతో, ఒకే సూదిని నీళ్లలో ముంచి వందమందికి వాడే చోట కూర్చునేవారు ఈ ఒక్క వాక్యాన్ని గుర్తుంచుకుంటే చాలు. సూది మారినా రంగు గిన్నె మారకపోతే ప్రమాదం అలాగే ఉంటుంది.

ఆ యువకునికి నేను చెప్పిన మాటలు మీకూ చెబుతున్నాను.

చోటు విషయం. రొమ్ము ఎముక మీద, భుజాల మీద గాయాలు కొందరిలో బుడిపెలుగా పెరుగుతాయి; అటువంటి శరీరతత్త్వం ఉన్నవారు అసలు వద్దనుకోవటమే మంచిది. పుట్టుమచ్చలపై పొడిపించుకోరాదు, మచ్చలో వచ్చే చెడు మార్పు కనబడకుండా పోతుంది. ఉద్యోగం కూడా ఆలోచించాలి. సైన్యం నియామక నిబంధనల ప్రకారం మోచేతి నుండి మణికట్టు దాకా ముంజేతి లోపలి వైపున, అరచేతి వెనుక వైపున మాత్రమే శాశ్వత పచ్చబొట్టు చెల్లుతుంది. గిరిజనులకు వారి ఆచారం ప్రకారం ఉన్న గుర్తులకు మినహాయింపు ఉంది. మెడ మీది పులికి ఆచారం సాక్ష్యం చెప్పదు.

సూది విషయం. మీ కళ్లెదుట విప్పిన కొత్త సూది, మీ ఒక్కరికే పోసిన రంగు, కొత్త చేతి తొడుగులు ఉండాలి. హెపటైటిస్ బి టీకా దేశమంతటా పిల్లల టీకాల పట్టికలో చేరినది 2011లో. అంతకు ముందు పుట్టినవారు మూడు మోతాదులు పూర్తయ్యాయో లేదో చూసుకోవాలి. హెపటైటిస్ సి కి, హెచ్.ఐ.వి. కి టీకా లేదు. మధుమేహం అదుపులో లేనివారు ఆగాలి. పొడిపించుకున్న తరువాత 12 నెలలు రక్తదానం చేయరాదు.

గుర్తు విషయం. చాలా ఏళ్ల క్రితం ఒక ఉపాధ్యాయురాలు నుదుటి పచ్చబొట్టు తీసివేయమని నా వద్దకు వచ్చింది. పట్నంలో తోటివారు వింతగా చూస్తున్నారని కన్నీళ్లు పెట్టుకుంది. నా దగ్గర సాధనం లేదు. నేడు లేజరు ఉంది. అయితే ఎన్నో విడతలు పడుతుంది, ఖర్చు ఎక్కువ, మన చామనఛాయ చర్మంపై మచ్చ మిగలవచ్చు. ఒక తరం సిగ్గుపడి చెరిపివేయాలనుకున్న గుర్తునే ఈ మనవడు కోరుకుంటున్నాడు. అది నాకు సంతోషమే. అయినా, "ముందు మీ నాయనమ్మను అడుగు" అన్నాను.

వారం తరువాత అతడు ఆమెనే వెంటబెట్టుకొని వచ్చాడు. ఆ మూడు చుక్కల అర్థమేమిటని, వాటిని తానే ఎంచుకున్నదా అని ఆమెను అడిగాను. ఆమె నవ్వింది.

"నన్నెవరడిగిన్రు సారూ? చిన్న పిల్లను. మా యాడి చేతులు గట్టిగ పట్టుకున్నది, ఎరుకలామె పొడిచింది. మూడు దినాలు గడ్డం వాచింది. వీన్నైతే ఎవరూ పట్టుకుంటలేరు గద, నిమ్మళంగ చూసుకొమ్మను."

నేను ఇంత చరిత్ర తవ్వి చెప్పదలచినది ఆమె ఒక్క మాటలో చెప్పింది. తల్లి, కులం, ప్రభుత్వం ఎంచిన గుర్తులను మన పూర్వులు మోశారు. ఎంచుకునే అవకాశం మనకు వచ్చింది. తొందర పడవలసిన పని లేదు.

ఆ రోజు అతడు హెపటైటిస్ బి టీకా మొదటి మోతాదు వేయించుకొని వెళ్లాడు. రెండవది నెల తరువాత, మూడవది ఆరవ నెలలో. అప్పటికి ఏ బొమ్మో, ఏ చోటో తేల్చుకొని వస్తానన్నాడు.