అర్ధరాత్రి తలుపు తట్టిన చప్పుడు

మా నాన్నగారు రాజమండ్రిలో ఒక ప్లీడరుగారి దగ్గర గుమాస్తాగా పనిచేసేవారు. చదువు స్కూలు ఫైనలుతో ఆగిపోయినా, కోర్టు తీర్పుల గురించి మొదలుపెడితే ఆయన్ని ఆపడం మా అమ్మ తరం కూడా అయ్యేది కాదు. ఆ మాటల్లో తరచు దొర్లే పేరు జస్టిస్ కోకా సుబ్బారావుగారిది. "మన రాజమండ్రిలో పుట్టినాయనరా, దేశానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు" అనేవారు. ఆ గర్వం నాకు చిన్నప్పుడే అర్థమైంది. సుబ్బారావుగారు రాసినదేమిటో అర్థం కావడానికి మాత్రం నేను సముద్రాలు దాటి రావలసి వచ్చింది, 2003 దాకా ఆగవలసి వచ్చింది.

2001 సెప్టెంబరు 11 మనలో చాలామందికి నిన్నటి సంగతిలాగే గుర్తుంటుంది. ఆ ఒక్కరోజున దాదాపు 3,000 మంది చనిపోయారు. తరవాత కొన్ని నెలలు అందరం భయంతోనే బతికాం. ప్రభుత్వం ఏం చేసినా "మంచిదే" అనిపించిన రోజులవి. 2002లో ఒక ప్రత్యేక నమోదు పథకం వచ్చింది. 25 దేశాల నుంచి వీసాల మీద వచ్చి ఉన్న, పదహారేళ్ళు నిండిన మగవాళ్ళు స్వయంగా వెళ్ళి వేలిముద్రలు, ఫొటో ఇచ్చి, అడిగినవాటికి జవాబులు చెప్పాలి. ఆ జాబితాలో దాదాపు అన్నీ ముస్లిములు ఎక్కువగా ఉన్న దేశాలే. పాకిస్తాన్ ఉంది, బంగ్లాదేశ్ ఉంది. ఇండియా లేదు.

ఆ జాబితా చూసి నేను చేసిన మొదటి పని "హమ్మయ్య" అనుకోవడం. దాన్ని ఇక్కడ దాచుకోదలచుకోలేదు.

మా ఆఫీసులో నా పక్క సీటు ఆయనది లాహోరు. క్రికెట్ గురించి పోట్లాడుకోవడం, మధ్యాహ్నం డబ్బాలు మార్చుకోవడం మా రోజువారీ కార్యక్రమం. 2003 ఫిబ్రవరిలో ఒకరోజు ఆయన్ని నేనే కారులో తీసుకెళ్ళాను. చేతిలో లావుపాటి ఫోల్డరు. అందులో బ్యాంకు కాగితాలు, పన్ను కాగితాలు, అద్దె ఒప్పందం, పెళ్ళి సర్టిఫికెట్టు. సాయంత్రం బయటికి వచ్చాక దారి పొడుగునా మాట్లాడలేదు. ఏ ఇబ్బందీ జరగలేదు, మర్యాదగానే చూశారట. అయినా మర్నాటినుంచి భోజనం వేళ కంప్యూటరులో ఉర్దూ పత్రిక చదవడం మానేశాడు. ఫోనులో వాళ్ళమ్మతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించేవాడు. ఎవరూ ఆయన్ని మానమనలేదు, తగ్గించమనలేదు.

ఆ వేసవిలో ఇండియా వెళ్ళినప్పుడు ఈ సంగతి నాన్నగారికి చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "ఖరక్ సింగ్ కేసు చదివావురా?" అన్నారు. అలా చదివాను.

ఖరక్ సింగ్ ఉత్తరప్రదేశ్‌కు చెందిన మనిషి. 1941లో ఒక దోపిడీ కేసులో ఆయన్ని పట్టుకున్నారు. సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేశారు గాని ఆయన పేరున పోలీసులు ఒక హిస్టరీ షీటు తెరిచారు. అక్కడినుంచి ఏళ్ళ తరబడి చౌకీదార్లు, కానిస్టేబుళ్ళు రాత్రిపూట వచ్చి తలుపు తట్టేవారు, నిద్ర లేపేవారు, ఒక్కోసారి లోపలికి వచ్చేవారు. ఊరు దాటాలంటే ఎక్కడికి, ఎందుకు, మళ్ళీ ఎప్పుడు అని చెప్పి వెళ్ళాలి. వెళ్ళిన ఊళ్ళోనూ ఆరా. ఇదంతా ఆ రాష్ట్ర పోలీసు నిబంధనల్లో ఉన్నదే, చట్టసభ చేసిన చట్టం మాత్రం కాదు. ఖరక్ సింగ్ సుప్రీంకోర్టుకు వెళ్ళాడు.

1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. రాత్రిపూట ఇంటికి వచ్చి తలుపు తట్టడం చెల్లదన్న దానిమీద అందరూ ఒక్కటే. కాని మిగిలిన నిఘా సంగతో? వెంటపడటం, కదలికలు రాసుకోవడం తప్పు కాదని నలుగురు అన్నారు. ఏకాంతపు హక్కు మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదనీ అన్నారు. సుబ్బారావుగారు ఒప్పుకోలేదు. జస్టిస్ జె.సి. షా ఆయనతో కలిశారు. సుబ్బారావుగారి వాదం చాలా సూటిగా ఉంటుంది. కాళ్ళకు సంకెళ్ళు లేనంత మాత్రాన మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదు. ప్రతి అడుగూ పోలీసు కంటికింద వేసేవాడికి దేశం మొత్తం జైలే. నిఘా మనిషి మనసునే కట్టేస్తుంది. ఏకాంతం అన్న మాట రాజ్యాంగంలో లేకపోయినా వ్యక్తి స్వేచ్ఛలో అది విడదీయరాని భాగం. కాబట్టి ఆ నిబంధన మొత్తం కొట్టివేయాలి.

ఇది చదువుతుంటే నాకు లాహోరు మిత్రుడి తగ్గిన గొంతు గుర్తొచ్చింది. మరొకటి కూడా గుర్తొచ్చింది. 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో, నేను వాల్తేరు హాస్టల్లో ఉండి చదువుకుంటూ ఇంటికి ఒక ఉత్తరంలో రాజకీయాలేవో రాశాను. నాన్నగారి నుంచి ఇన్‌లాండు కవరు వచ్చింది: "ఉత్తరాల్లో చదువు సంగతి, ఒంట్లో సంగతి చాలు. మిగతావి వచ్చినప్పుడు మాట్లాడుకుందాం." మా ఉత్తరాలు ఎవరూ విప్పి ఉండరు. ఒక గుమాస్తా, ఒక విద్యార్థి ఎవరికి కావాలి? కాని విప్పుతారేమోనన్న అనుమానం ఒక్కటే మా తండ్రీకొడుకుల మాటల్ని రెండేళ్ళు కట్టేసింది.

సుబ్బారావుగారికి ఈ దేశంలో ఒక అన్నగారు ఉన్నారనిపిస్తుంది నాకు. ఆయన జస్టిస్ లూయీ బ్రాండైస్. 1920లలో మద్యనిషేధం ఉన్నప్పుడు సియాటిల్‌లో రాయ్ ఓమ్‌స్టెడ్ అనే మాజీ పోలీసు అధికారి దొంగ సారా వ్యాపారం పెద్ద ఎత్తున చేశాడు. ప్రభుత్వ మనుషులు అతని ఇంట్లో అడుగుపెట్టకుండా, బయట టెలిఫోను తీగలకు ముడివేసి నెలల తరబడి మాటలు విన్నారు. ఇంట్లోకి రాలేదు కాబట్టి అది సోదా కాదని 1928లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో చెప్పింది. బ్రాండైస్ విభేదించారు. రేపు ప్రభుత్వం మీ సొరుగు తెరవకుండానే అందులోని కాగితాలను కోర్టులో పెట్టగలిగే రోజు వస్తుందని, అప్పుడేం చేస్తారని ఆయన అడిగారు. కంప్యూటరు పుట్టని రోజుల్లో అడిగిన ప్రశ్న అది!

ఆయన మాట గెలవడానికి 39 ఏళ్ళు పట్టింది. లాస్ ఏంజెలిస్‌లో పబ్లిక్ టెలిఫోను బూతునుంచి పందేలు కాసే చార్లెస్ కాట్జ్ అనే అతని మాటలు, బూతు బయట యంత్రం అమర్చి విన్నారు. రాజ్యాంగం రక్షించేది స్థలాలను కాదు, మనుషులను అని 1967లో సుప్రీంకోర్టు తేల్చింది. వినదలిస్తే ముందుగా జడ్జి అనుమతి తెచ్చుకోమంది. ఆ తీర్పు వచ్చిన తేదీ డిసెంబరు 18, అంటే ఖరక్ సింగ్ తీర్పుకు సరిగ్గా ఐదేళ్ళకు.

తీర్పు వచ్చినంత మాత్రాన అలవాట్లు పోతాయా? 1975లో సెనెటర్ ఫ్రాంక్ చర్చ్ అధ్యక్షతన సెనేట్ కమిటీ విచారణ జరిపినప్పుడు తేలిన సంగతులు వింటే ఆశ్చర్యం వేస్తుంది. 1945 నుంచి ముప్ఫై ఏళ్ళపాటు విదేశాలతో నడిచిన టెలిగ్రాముల నకళ్ళు కంపెనీలు ప్రభుత్వానికి అందిస్తూ వచ్చాయి. న్యూయార్క్‌లో గూఢచారి సంస్థ ఇరవై ఏళ్ళలో 2 లక్షలకు పైగా ఉత్తరాలు విప్పి ఫొటోలు తీసుకుంది. మార్టిన్ లూథర్ కింగ్ ఫోను విన్నారు, ఆయన్ని బెదిరిస్తూ ఊరూపేరూ లేని ఉత్తరం కూడా పంపారు. ఇవన్నీ మొదలైంది దేశభద్రత పేరుతోనే. శత్రువు కోసం కట్టిన దడి మెల్లగా ఇంటివాళ్ళ చుట్టూ పెరిగింది. ఆ విచారణ ఫలితంగానే 1978లో విదేశీ గూఢచర్య నిఘాకు ప్రత్యేక కోర్టు అనుమతి కావాలన్న చట్టం వచ్చింది.

2001 అక్టోబరులో పేట్రియాట్ చట్టం సెనేట్‌లో 98-1తో నెగ్గింది. కాదన్న ఆ ఒక్కరూ విస్కాన్సిన్ సెనెటర్ రస్ ఫైన్‌గోల్డ్. ఆ చట్టంలోని 215వ సెక్షను ఆధారంగా దేశంలో అందరి ఫోను కాల్స్ చిట్టా, అంటే ఎవరు ఎవరికి ఎప్పుడు ఎంతసేపు చేశారన్నది, పోగుచేస్తున్నారని 2013 జూన్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాలవల్ల తెలిసింది. ఆదివారం పొద్దున్న నేను అమ్మకు చేసిన ఫోను కూడా ఆ చిట్టాల్లో ఒక పంక్తి అయి ఉంటుంది.

ఇక్కడ అవతలి వాదం కూడా న్యాయంగా చెప్పాలి. నిఘాయే వద్దనేవాడు వీధిలో పిల్లల్ని పెంచినవాడు కాడు. 2009లో న్యూయార్క్ సబ్‌వేలో బాంబులు పేల్చాలన్న నజీబుల్లా జాజీ కుట్ర బయటపడింది ఎలాగంటే, పాకిస్తాన్‌లో అల్ ఖైదాతో సంబంధమున్న ఒక ఈమెయిల్ చిరునామాను గమనిస్తూ ఉండటంవల్ల. ఆ నిఘా ప్రాణాలు కాపాడింది. కాని తేడా చూడండి. అది ఫలానా చిరునామా మీద పెట్టిన కన్ను. అందరి చిట్టాలు పోగుచేసిన పథకం సంగతి వేరు. దాన్ని పరిశీలించిన ప్రభుత్వ పర్యవేక్షక మండలే, అమెరికాకు వచ్చిన ముప్పు విషయంలో ఆ పథకం ఫలితాన్ని మార్చిన సందర్భం ఒక్కటీ కనబడలేదని 2014 జనవరిలో చెప్పింది. 2015లో కాంగ్రెస్ ఆ పోగుచేయడాన్ని ఆపేసింది. 2002 నాటి నమోదు పథకం కథా అంతే. 80,000 మందికి పైగా నమోదు చేసుకున్నారు, 13,000 మందికి పైగా మీద దేశం నుంచి పంపించే చర్యలు మొదలుపెట్టారు, ఉగ్రవాద నేరం మాత్రం ఒక్కరిమీదా రుజువు కాలేదు. 2011లో దాన్ని నిలిపివేసి, 2016 డిసెంబరులో నిబంధనలే తీసేశారు.

మరి మన దేశంలో? 1996లో, మళ్ళీ డిసెంబరు 18నే, ఫోన్లు వినడం గురించి సుప్రీంకోర్టు కొన్ని హద్దులు గీసింది. హోం కార్యదర్శి స్థాయివాళ్ళే ఉత్తర్వు ఇవ్వాలి, గడువు ఉండాలి, ఒక కమిటీ తిరిగి చూడాలి. అయితే ముందుగా జడ్జి అనుమతి అక్కర్లేదు. వినేది ప్రభుత్వమే, వినమనేది ప్రభుత్వమే, సరిచూసేదీ ప్రభుత్వాధికారులే. 2024లో హైదరాబాదులో నాయకుల, ఇతరుల ఫోన్లు విన్నారన్న ఆరోపణలమీద పోలీసు అధికారులే అరెస్టయ్యారు. ఎవరిది తప్పో తేల్చడం కోర్టుల పని. అలాంటి అనుమానం పుట్టడానికి ఇంత చోటు ఎందుకుందన్నది మాత్రం మనందరి ప్రశ్న.

సుబ్బారావుగారి మాట గెలవడానికి 55 ఏళ్ళు పట్టింది. ఆధార్‌ను సవాలు చేస్తూ కర్ణాటకకు చెందిన రిటైర్డు న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామిగారు 2012లో వేసిన కేసులో, తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా ఏకాంతం ప్రాథమిక హక్కేనన్నారు. 1962 నాటి అధిక సంఖ్యాకుల మాట తప్పనీ, సుబ్బారావుగారి మాట ఒప్పనీ చెప్పారు. ఆ తొమ్మిదిమందిలో మన కృష్ణాజిల్లావారు జస్టిస్ చలమేశ్వర్‌గారు ఒకరు. హక్కు ఉందన్నారు గాని హద్దు లేదనలేదు. ప్రభుత్వం జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, అవసరానికి మించకూడదు. ఈ తీర్పు వచ్చిన రోజున చెప్పడానికి నాన్నగారు లేరు.

మన పిల్లలకు భద్రత కావాలా, స్వేచ్ఛ కావాలా అని స్కూల్లో డిబేట్లు పెడుతుంటారు. నాకు తెలిసిన ఈ చరిత్ర అంతా ఆ ప్రశ్నే తప్పంటుంది. అడగవలసినవి వేరు: ఎవరిమీద అనుమానం, ఏ ఆధారంతో? వినేవాడు కాక మరొకడు అనుమతి ఇచ్చాడా? ఎప్పుడు ఆపుతారు? తప్పు జరిగితే మనకు తెలుస్తుందా? ఈ నాలుగింటికి జవాబు ఉన్న నిఘాను మనం భరించవచ్చు. జవాబు లేనిదాన్ని, అది పక్కవాడి మీదైనా సరే, అప్పుడే ప్రశ్నించాలి.

ఆ "అప్పుడే" అన్నమాట నాకు నేను చెప్పుకుంటున్నదే. లాహోరు మిత్రుడు ఇప్పుడు ఈ దేశ పౌరుడు. ఇన్నేళ్ళకు ఒకరోజు భోజనం దగ్గర, "ఆ జాబితాలో మా దేశం లేదని నేను హమ్మయ్య అనుకున్నాను" అని ఒప్పుకున్నాను. ఆయన నవ్వి, "మీది ఉండి మాది లేకపోతే నేనూ అదే అనుకునేవాణ్ణి, భాయీ" అన్నాడు. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. తరవాత డబ్బాలు మార్చుకున్నాం.