సేద్యపు సాయము ఎవరి పేరిట?

ఖరగ్‌పూరు రైల్వే పట్టణమునందలి సుభాష్‌పల్లి వంటి పేటలలో తెలుగు మాట నేటికిని వినవచ్చును. బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికై గంజాము, విశాఖపట్టణము జిల్లాల నుండి వలసవచ్చిన శ్రామికుల సంతతి ఆ పట్టణమున స్థిరపడినది. రైలు కార్ఖానా వారికొక కొత్త లెక్క నేర్పెను: హాజరుపట్టీలో ఎవని పేరున్నదో వాడే పని చేయును, వానికే జీతము ముట్టును. వారు విడిచివచ్చిన పల్లెలలో ఈ లెక్క చెల్లదు. అక్కడ దస్తావేజులో ఒకరి పేరు, నాగలి మేడిపై మరొకరి చేయి.

ప్రభుత్వము రైతునకు సొమ్మీయబూనిన ప్రతిసారియు ఈ భేదము అడ్డువచ్చుచున్నది. పూర్వము తక్కావి ఉండెను. 1883, 1884 సంవత్సరముల చట్టముల ననుసరించి బ్రిటిషు సర్కారు బావులకును, విత్తనములకును, ఎడ్లకును అప్పిచ్చి, శిస్తు బకాయివలె దానిని రాబట్టెడిది. అప్పిచ్చువాడు తీర్చగలవానినే వెదకుట వింత కాదు. తిరిగి యీయనక్కరలేని సొమ్ము విషయమునగూడ అదే చూపు మిగిలియుండుట మాత్రము విచారింపదగినది.

ఖరగ్‌పూరు చుట్టునున్న మేదినీపురపు వరిపొలములలో పంటను పంచుకొను ఒప్పందముపై సేద్యము చేయువానిని బర్గాదారు అందురు. 1978లో పశ్చిమ బెంగాల్ వామపక్ష ప్రభుత్వము ‘ఆపరేషన్ బర్గా’ చేపట్టి అధికారులను కచేరీలనుండి పల్లెలకు పంపెను. భూస్వామి అరుగుపై గాక, శ్రామికుల వాడలలో, పని ముగిసిన సాయంవేళ సభ జరిపి పేర్లు వ్రాసికొనుట అందలి కొత్తదనము. క్రమముగా సుమారు 14 లక్షల పేర్లు రికార్డుల కెక్కెను. సేద్యపు ఖర్చు తానే భరించిన బర్గాదారునకు పంటలో నాల్గింట మూడుపాళ్లు చెందవలెనని చట్టము. నాడెవరును నగదు పంపకమును తలపలేదు. అయినను నాలుగు దశాబ్దముల పిమ్మట, 2019లో, ‘కృషక్ బంధు’ వచ్చినపుడు ఆ పాత కాగితమే అక్కరకు వచ్చెను. ఏటికి గరిష్ఠముగా 5,000 రూపాయలు, 2021లో 10,000గా పెరిగిన ఆ సాయమునకు భూయజమానితోపాటు నమోదైన బర్గాదారుడును అర్హుడయ్యెను. నోటిమాటపై ఒక పంటకు పొలము తీసికొన్నవాడు వెలుపలనే నిలిచెను.

తెలంగాణమున 2018 మే 10న ఆరంభమైన ‘రైతుబంధు’ చేయి మరింత పెద్దది. ఆరంభమున ఎకరమునకు పంటకాలమునకు 4,000 రూపాయలిచ్చిరి. విస్తీర్ణమునకు హద్దు లేకుండెను. ఇరువది యెకరములుండి నగరమున నివసించు పట్టాదారునకు ఒక్క కారులో 80,000 ముట్టెడిది. ఆ భూమిని కౌలుకు దున్నువానికి ఏమియు లేకుండెను. కౌలుదారు లేటేట మారుదురనియు, వారి జోలికి పోయిన తగవులు రేగుననియు పాలకులు చెప్పిరి. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని 2011లోనే ఉమ్మడి రాష్ట్రము కౌలుదారులకు గుర్తింపు పత్రము లిచ్చు చట్టము చేసియుండెనుగదా! 2018లోనే వచ్చిన ‘రైతుబీమా’ పట్టాదారుడు మరణించిన కుటుంబమునకు 5 లక్షల రూపాయలిచ్చెను. కౌలుదారు మరణించిన ఇంటి తలుపును ఆ సొమ్ము తట్టలేదు.

ఆంధ్రప్రదేశ్ వేరొక దారి పట్టెను. 2019 అక్టోబరులో మొదలైన ‘రైతు భరోసా’ కేంద్రపు వాటాతో కలిపి ఏటికి 13,500 రూపాయలిచ్చుచు, షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, అల్పసంఖ్యాక వర్గములకు చెందిన భూమిలేని కౌలుదారులనుగూడ చేర్చుకొనెను. అయితే అదే సంవత్సరపు చట్టము ప్రకారము పదునొకండు నెలల సాగు పత్రముపై యజమాని సంతకము ఉండవలెను. నేటి సంతకము రేపు హక్కుగా మారునేమోయని యజమాని జంకును. బెంగాలు సాధించిన దేదో, ఇతర ప్రాంతముల భూయజమానులకు అదే భయకారణము.

ఇక 2019 ఫిబ్రవరిలో ఆరంభమైన కేంద్రపు ‘కిసాన్ సమ్మాన్ నిధి’ ఏటికి 6,000 రూపాయలను మూడు విడతలుగా, భూమి గల కుటుంబములకే ఇచ్చును. నాల్గవ తరగతివారు మినహా ప్రభుత్వోద్యోగులు దానికి అనర్హులు. కనుక ఖరగ్‌పూరు రైల్వే గుమాస్తాకు శ్రీకాకుళమున రెండెకరములున్నను అతనికి ఆ సొమ్ము రాదు. అతని పొలమును కౌలుకు చేయువానికిని రాదు.